పాన్‌హాండిల్సు: పాసుల మీద తిరిగిన ఒక రైల్వే జట్టు కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయిన తరువాత, పిల్లల నాటికకు ముందు, ఎవరో ఒకరు ఒక అరగంట మాట్లాడుట మన సంఘంలో ఆనవాయితీ. పోయిన సంవత్సరములలో మాట్లాడినవారు పోతనగారిని గురించి, గురజాడవారిని గురించి చక్కగా సెలవిచ్చినారు. మాకు అంత పాండిత్యము లేదు. మెట్రిక్ చదువుతో రైల్వేలో గుమాస్తా పనిలో చేరినవాళ్ళము. మాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే: ఒకటి రైలు, రెండు బంతి. ఆ రెండూ కలిసిన కథ ఒకటి దొరికినది కనుక ధైర్యము చేసి లేచినాము. అది మన దేశపు కథ కాదు, అమెరికా కథ. కాని వింటూ వుంటే మన లోకోషెడ్డులో జరిగినట్లే వుంటుంది.

ఇప్పుడే ఈ కథ ఎందుకంటే, దానికొక కారణము వున్నది. ఈ యేడు మన కార్యవర్గానికి ఒక అర్జీ వచ్చినది. రాయగడ కుర్రవాళ్ళు, కోరాపుట్ కుర్రవాళ్ళు కలిసి ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టుకొంటాము, బంతులకు, జెర్సీలకు సంఘ నిధి నుంచి కొంత సాయము చేయండి అని దాని సారాంశము. పెద్దలు మూడు ఆక్షేపణలు చెప్పినారు. మనకు సొంత భవనమే లేదు, వీళ్ళకు మైదానము ఎక్కడిది అని ఒకటి. ఉద్యోగస్థుల పిల్లలు, ఈ రోజు ఇక్కడ, రేపు సంబల్‌పూర్‌లోనో వాల్తేరులోనో, జట్టు నిలవదు అని రెండవది. మూడవది కొంచెము గొంతు తగ్గించి చెప్పినారు. అర్జీలో పదహారు పేర్లున్నవి, అందులో ఆరు పేర్లు మన తెలుగు ఇళ్ళవి కావు. తెలుగు సంఘము సొమ్ము తెలుగు పిల్లలకే గదా అని. అర్జీ వాయిదా పడినది. పెద్దల మాట తీసివేయదగినది కాదు. వారు చెప్పిన మూడు చిక్కులూ నూరేళ్ళకు పూర్వము ఒక రైల్వే జట్టుకు వున్నవే. ఆ జట్టు ఏమి చేసినదో చెప్పటమే ఈ ప్రసంగము.

ముందుగా ఆట సంగతి. అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. వారి బంతి గుండ్రముగా వుండదు, కొబ్బరికాయ వలె రెండు కొసలూ దేరి వుంటుంది. పేరుకు పాదపు బంతి గాని చాలావరకు చేతులతోనే ఆట. పక్షానికి పదకొండుగురు. మైదానము 100 గజములు. బంతి చంకన పెట్టుకొని ఎదుటివాళ్ళ గీత దాటించవలె. ఎదుటివాళ్ళు మీదబడి పడవేస్తారు. నాలుగు ప్రయత్నములలో 10 గజములు ముందుకు జరగగలిగితే మరల నాలుగు ప్రయత్నములు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. గీత దాటితే 6 పాయింట్లు. మన చెడుగుడులో కూతకు వెళ్ళినవాడిని పదిమంది పట్టుకొన్నప్పుడు ఒక గుంపు అవుతుంది చూడండి, అట్టి గుంపు నిముషానికొకటి చొప్పున గంటసేపు అనుకోండి. ఆ రోజులలో తలకు శిరస్త్రాణము పెట్టుకొన్నవాడు పెట్టుకొన్నాడు, లేనివాడు లేదు. అది తప్పనిసరి అయినది 1943లో.

మన దేశంలో కూడా ఆ ఆటను నాటే ప్రయత్నము జరిగినది. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి ఆరంభించి, ఊరూరి పేరున జట్లు కట్టినారు. హైదరాబాదు పేరున స్కైకింగ్స్ అనే జట్టు ఏర్పడినది. ఆ చెట్టు వేరూనలేదు. దానిని గురించి ఇంతకన్న చెప్పుకొనేది లేదు గనుక అసలు కథలోకి వస్తాము.

అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి ముఖ్యపట్టణము కొలంబస్. అక్కడ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీవారి పెద్ద వర్కుషాపులు వుండేవి. పిట్స్‌బర్గ్ నుంచి కొలంబస్ మీదుగా పడమటికి పోయే మార్గమునకు వాళ్ళ వాడుక పేరు పాన్‌హాండిల్. అంటే పెనము కాడ. పడమటి వర్జీనియా రాష్ట్రములో ఒక సన్నని నేల పట్టీ రెండు రాష్ట్రాల నడుమకు పెనము కాడలాగ చొచ్చుకొని పోతుంది, రైలు దానిని దాటి వెళ్ళేది, అందుకని ఆ పేరు. ఆ డివిజను పనివాళ్ళు ఇరవయ్యవ శతాబ్దపు మొదటి సంవత్సరములలో ఒక ఫుట్‌బాల్ జట్టు కట్టి దానికి డివిజను పేరే పెట్టుకొన్నారు: కొలంబస్ పాన్‌హాండిల్స్. మనవాళ్ళు వాల్తేరు డివిజను అని జెర్సీ మీద వేయించుకొన్నట్లు.

మొదటి కొన్నేళ్ళు ఆ జట్టు పుంజుకొన్నది లేదు. 1907లో జోసెఫ్ కార్ అనే ఆయన దానిని చేతికి తీసుకొన్నారు. 1879లో కొలంబస్‌లోనే పుట్టినాడు. ఐర్లండు నుంచి వచ్చిన వారి వంశము. పెద్దచదువులు చదువలేదు. వర్కుషాపులో మెషినిస్టు పని, దానితోపాటు ఊరి పత్రికలో ఆటల వార్తలు వ్రాసే పని కూడా చేసేవాడు. ఆయన బంతి ఆటగాడుగా పేరు పొందినవాడు కాడు. ఆయన గొప్ప అంతా లెక్కలలో, వుత్తరములలో, ఏర్పాటులలో వున్నది. మా వంటి వాళ్ళకు ఆయన మీద అభిమానము కలుగుటకు కారణము అదే. గోలు వేసినవాడి బొమ్మ పత్రికలో పడుతుంది. ఆ ఆటగాణ్ణి వేళకు రైలు ఎక్కించినవాడి బొమ్మ ఎక్కడా పడదు.

కార్ ఏర్పాటులకు ప్రాణము పోసినది ఒక కుటుంబము. నెస్సర్ అని జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. పెద్దకొడుకులు కొందరు జర్మనీలోనే పుట్టి వచ్చినారు, చిన్నవాళ్ళు అమెరికాలో పుట్టినారు. మన ఇళ్ళలో పెద్దవాడు శ్రీకాకుళంలోనూ చిన్నవాడు రాయగడలోనూ పుట్టినట్లు. ఆ అన్నదమ్ములలో ఆరుగురు పాన్‌హాండిల్స్‌లో ఆడినారు: జాన్, ఫిల్, టెడ్, ఫ్రెడ్, ఫ్రాంక్, ఆల్. వర్కుషాపులో వీళ్ళది బాయిలరు మేకర్ల పని. స్టీము ఇంజను బాయిలరు పని ఎటువంటిదో మన లోకోషెడ్డు పాతకాపులను అడిగితే చెబుతారు. ఎర్రగా కాలిన రివెట్టును సుత్తితో కొట్టి, రేకులు ఎత్తి, రాత్రికి చెవులు గింగురుమంటూ ఇంటికి పోయే పని. అట్టి భుజములున్నవాళ్ళు ఆరుగురు ఒక ఇంటినుంచి వస్తే ఎదుటి జట్టుకు ఎట్లా వుంటుందో ఊహించుకోవచ్చు. ఆఖరివాడు ఆల్ తలకు టోపీ గాని భుజములకు మెత్తలు గాని లేకుండా ఆడేవాడట. తండ్రి జట్టుకు నీళ్ళు అందించేవాడు, తల్లి ఆటబట్టలు వుతికేది అని చెప్పుకొంటారు. బురదలో ఒక ఆదివారము ఆడి వచ్చిన ఆరుగురి బట్టలు! ఆ తల్లి కష్టము ఏ రికార్డు పుస్తకంలోనూ వుండదు.

ఇక అభ్యాసము ఎప్పుడు చేసేవారు? పొద్దున డ్యూటీ, సాయంత్రానికి చీకటి. వారికి మధ్యాహ్నము భోజనానికి గంట విరామము. పావుగంటలో రొట్టె తిని, మిగిలిన ముప్పావుగంటా వర్కుషాపు యార్డులోనే ఆట అభ్యసించేవారు. గంట కొట్టగానే మరల బాయిలరు దగ్గరికి. ఆ రోజులలోనే ఇంకొక జట్టు వుండేది, డెకేటర్ అనే ఊళ్ళో స్టేలీ అనే గంజిపొడి కంపెనీవారిది. ఆ కంపెనీ యజమాని తన ఆటగాళ్ళకు డ్యూటీ వేళలోనే రోజుకు రెండు గంటలు అభ్యాసానికి వదిలేవాడు. ఆ వదలటము ఎందాకా పోయినదో తరువాత చెబుతాము. పాన్‌హాండిల్స్‌కు మాత్రము ముప్పావుగంటే.

ఇప్పుడు మైదానము సంగతి. మా దృష్టిలో కథకు గుండెకాయ ఇదే. సొంత ఊళ్ళో ఆట పెట్టాలంటే మైదానానికి అద్దె ఇవ్వాలి, కంచె కట్టాలి, టిక్కెట్లు అమ్మాలి, పోలీసులకు చెప్పాలి, వచ్చిన జట్టుకు సొమ్ము ముట్టచెప్పాలి. వాన వచ్చి జనము రాకపోతే అంతా చేతి నష్టము. ఎదుటి ఊరికి పోయి ఆడితే ఇవన్నీ వాళ్ళ నెత్తిన వుంటవి, పైగా పిలిచినందుకు ముందుగా మాట్లాడుకొన్న సొమ్ము కూడా ఇస్తారు. అయితే మిగతా జట్లు ఎల్లకాలము అట్లా ఎందుకు చేయలేకపోయినవి? రైలు ఛార్జీల వల్ల. ఇరవై మందిని తీసుకొని రెండువందల మైళ్ళు పోయి రావాలంటే ఆ వచ్చే సొమ్ము టిక్కెట్లకే సరి. పాన్‌హాండిల్స్ ఆటగాళ్ళు రైల్వే పనివాళ్ళు. వారికి పాసులున్నవి. కంపెనీ రైలు పోయిన చోటికల్లా వారు ఛార్జీ లేకుండా పోగలరు. కార్ ఆ పాసులను, నెస్సర్ సోదరుల పేరును కలిపి ఒక లెక్క వేసినాడు. ఒక ఇంటి అన్నదమ్ములు ఆరుగురు ఆడే ఆట చూడాలని ఏ వూరి జనమైనా వస్తారు, అందుచేత ప్రతి వూరివారూ పిలుస్తారు. శనివారము డ్యూటీ దిగి రైలు ఎక్కటము, ఆదివారము ఆడటము, రాత్రి రైలులో తూగుతూ వచ్చి సోమవారము పొద్దున బాయిలరు దగ్గర హాజరు వేయించుకోవటము. ఇట్లా పదిహేను సంవత్సరాలు. సొంత మైదానము లేదు. పూర్తిగా అన్నమాట కాదు గాని, ఆడినవాటిలో చాలావరకు బయటి ఆటలే.

ఇక్కడ ఒక్క మాట. మన పాసులకు యేడాదికి ఇన్ని సెట్లు అని లెక్కవున్నది. ప్రతి ఆదివారము పాసు తీసుకొంటామంటే మన పాసు సెక్షనులో ఏమంటారో మీకు తెలుసు. ఆటల నిమిత్తము స్పెషల్ పాసు వున్నది గాని అది రైల్వేవారు పంపించే జట్లకు, మన ఇష్టానికి కాదు. ఈ తేడా మరచిపోయి లెక్కవేస్తే తప్పుతుంది కనుక చెప్పినాము.

వాళ్ళను పూర్తి జీతపు ఆటగాళ్ళు అనటానికి లేదు, ఉత్త సరదా ఆటగాళ్ళూ కారు. అక్కడ సెమీ ప్రొఫెషనల్ అంటారు. పొట్టకు వర్కుషాపు జీతము, ఆటకు ఆదివారపు వాటా. మన దేశంలో మాత్రము ఇట్టివాళ్ళు తక్కువా? బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టు, బి.ఎన్.ఆర్. అని మన పెద్దలందరికీ తెలిసిన పేరు, ఆ జాతిదే. మన రాయగడ మీదుగా రైలు వేసినది కూడా ఆ కంపెనీయే. విజయనగరము నుంచి పార్వతీపురము దాకా 1909 నాటికి వచ్చిన పట్టాలు కొండలు దాటి రాయపూరు చేరేసరికి 1931 అయినది. కంపెనీ పోయి సౌత్ ఈస్టరన్ రైల్వే వచ్చిన తరువాత కూడా కలకత్తా మైదానంలో ఆ జట్టుకు పాత పేరే నిలిచినది. బొంబాయిలో 1964 రోవర్స్ కప్పు బి.ఎన్.ఆర్. గెలిచినది. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టి, మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్సులలో ఆడి, 1962 ఏషియన్ గేమ్సు బంగారు పతకము తెచ్చిన జట్టులో వున్న మన తులసీదాస్ బలరామ్‌గారు ఈస్టు బెంగాల్ క్లబ్బు విడిచిన తరువాత చేరినది బి.ఎన్.ఆర్.లోనే. ఆయన 2023లో కాలము చేసినారు. ఈస్టరన్ రైల్వే జట్టు 1958లో కలకత్తా లీగు గెలిచినది. మోహన్ బగాన్, ఈస్టు బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్, ఈ ముగ్గురినీ దాటి ఇంకొకరు ఆ కప్పు ముట్టుకొనుటకు మరల 2019 దాకా పట్టినది. ఆ 1958 జట్టులోని పి.కె. బెనర్జీగారిని పెద్ద క్లబ్బులు ఎంత పిలిచినా రైల్వే వదిలి పోలేదు. పొట్టకు ఒక పని, మనసుకు ఒక పని రెండూ ఒకే చోట దొరికిన మనుష్యులు వీరు.

మరల కొలంబస్‌కు పోదాము. 1920 సెప్టెంబరు 17న ఒహాయోలోని కేంటన్ పట్టణములో, ఒక మోటారు కార్ల దుకాణములో, కొన్ని జట్లవారు చేరి ఒక లీగు పెట్టినారు. కూర్చోవటానికి కుర్చీలు చాలక కార్ల మెట్ల మీద కూర్చున్నారని చెబుతారు. అప్పటిదాకా ఎవరు ఎవరితో ఆడుతారో, ఏ ఆటగాడు ఏ వారము ఏ జట్టులో వుంటాడో అడిగేవాడు లేడు. పాన్‌హాండిల్స్ ఆ సంవత్సరమే ఆ లీగులో చేరినది. 1920 అక్టోబరు 3న డేటన్ పట్టణములో డేటన్ ట్రయాంగిల్స్ మీద పాన్‌హాండిల్స్ ఆడినది. లీగు సభ్యుల నడుమ జరిగిన మొదటి ఆటగా దానినే చెప్పుకొంటారు. యథాప్రకారము అది బయటి ఆటే! డేటన్ జట్టు 14–0తో గెలిచినది. ఆ లీగే ఈ రోజున నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. ప్రపంచములో అంత సొమ్ము కదిలే ఆటల సంస్థ మరొకటి లేదంటారు. దాని మొదటి ఆటలో ఓడినవాళ్ళు మన రైల్వే బాయిలరు మేకర్లు.

ఓటమి అక్కడితో ఆగలేదు. 1920లో రెండు గెలుపులు, ఆరు ఓటములు, రెండు సమానము. 1921లో ఒక్క గెలుపు, ఎనిమిది ఓటములు. 1922లో ఎనిమిది ఆడి ఎనిమిదీ ఓడినారు. ఎందుకు? వయస్సు మీరినది. నెస్సర్ సోదరులలో పెద్దవాడు జాన్ 1921లో నలభై అయిదు సంవత్సరాల వయస్సులో ఆడుతున్నాడు. టెడ్ ఆ యేడు తన కొడుకు చార్లీతో కలసి ఒకే జట్టులో ఆడినాడు. తండ్రీ కొడుకులు ఒకే జట్టులో ఆడినది ఆ లీగు చరిత్రలో అది ఒక్కటే. వినటానికి ముచ్చటగా వున్నది గాని, తండ్రి ఇంకా ఆడవలసి వచ్చినదంటే వెనుకనుంచి కొత్తవాళ్ళు రాలేదన్నమాట కూడా. అవతలి జట్లు కాలేజీలలో ఆట నేర్చి బయటికి వచ్చిన కుర్రవాళ్ళను సొమ్మిచ్చి తెచ్చుకొంటున్నవి. ముప్పావుగంట యార్డు అభ్యాసము వారి ముందు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇందులో ఒక చిత్రము వున్నది. లీగును అట్లా మార్చినవాడు మన కార్‌గారే. 1921లో ఆయనను లీగుకు అధ్యక్షుణ్ణి చేసినారు. కార్ల దుకాణములో పుట్టిన సంస్థకు కార్‌గారు అధ్యక్షుడు! మొదటి యేడు పేరుకు అధ్యక్షుడు జిమ్ థార్ప్, మహా ఆటగాడు, 1912 ఒలింపిక్సులో బంగారు పతకములు గెలిచినవాడు. కాని ఆయనకు కాగితము పని ఇష్టము లేదు. కార్ వచ్చి సంస్థకు నిబంధనావళి వ్రాయించినాడు, ఆటగాళ్ళకు ఒప్పంద పత్రములు పెట్టినాడు, చదువుకొనే పిల్లలను దొంగపేర్లతో ఆడించరాదని శాసించినాడు. గ్రీన్‌బే పాకర్స్ అనే జట్టు 1921లో కాలేజీ పిల్లలను మారుపేర్లతో ఆడించినట్లు బయటపడితే దాని సభ్యత్వము తీసివేసినాడు. తరువాత క్షమాపణ చెప్పుకొని రుసుము కట్టి 1922లో మరల చేరినారు. అప్పుడే లీగు పేరు కూడా నేషనల్ ఫుట్‌బాల్ లీగుగా మారినది.

ఆ నిబంధనలు మంచివే. వాటితోపాటు కార్ మరొకటి కూడా చూచినాడు. చిన్న వూళ్ళలో వచ్చే టిక్కెట్ల సొమ్ముతో ఈ ఆట బ్రతకదు, పెద్ద నగరములకు పోవాలి. న్యూయార్కులో 1925లో జట్టు పెట్టించినది ఆయనే. ఒక్కొక్కటిగా చిన్న వూళ్ళ జట్లు మూతబడ్డవి, లేదా నగరములకు తరలినవి. ఇందాక చెప్పిన గంజిపొడి కంపెనీ జట్టు 1921లోనే చికాగోకు మారి, తరువాత చికాగో బేర్స్ అయినది. కంపెనీవారు డ్యూటీ వేళలో వదిలిన ఆటగాళ్ళు చివరికి కంపెనీనే వదిలినారు. పాన్‌హాండిల్స్ 1922తో ఆగినది. 1923 నుంచి కొలంబస్ టైగర్స్ అని కొత్త పేరుతో ఊరి జట్టు ఒకటి నడచి 1926తో అదీ ముగిసినది. తన చేతితో పెంచిన జట్టుకు తాను వ్రాసిన నిబంధనలలో చోటు మిగలలేదు. కార్‌గారు ఆ అధ్యక్షపదవిలో 1939 మే నెలలో చనిపోయేవరకు వున్నారు. 1963లో అమెరికావారు తమ ఫుట్‌బాల్ మహనీయుల మందిరము తెరిచినప్పుడు మొదటి వరుస పేర్లలో ఆయన పేరు చేర్చినారు. నెస్సర్ సోదరుల పేర్లు ఆ జాబితాలో లేవు. ఇది మాకు న్యాయముగా తోచదు. వాళ్ళు బాయిలరు దగ్గరనుంచి పరుగెత్తుకొని రాకపోతే కార్‌గారి లెక్కలకు అంకెలు ఎక్కడివి?

చిన్న వూళ్ళలో ఒకే ఒక జట్టు నిలిచినది, గ్రీన్‌బే పాకర్స్. దాని కథ మనబోటి సంఘములు వినదగినది. 1919లో లాంబో అనే కుర్రవాడు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో గుమాస్తా. మన ఇండియాతో ఆ కంపెనీకి ఏమీ సంబంధము లేదు, మాంసము డబ్బాలలో పెట్టి అమ్మేవాళ్ళు. కంపెనీవారు బట్టలకు, సామానుకు 500 డాలర్లు ఇస్తే జట్టు కట్టినాడు. కంపెనీ పోయినది, జట్టు అప్పులలో పడినది. 1923లో ఊరివారు 5 డాలర్లకు ఒకటి చొప్పున షేర్లు అమ్మి జట్టును ఊరి సొత్తు చేసినారు. దానికి యజమాని అంటూ ఈ రోజుకీ లేడు. లక్ష పైచిలుకు జనమున్న ఊరు న్యూయార్కు, చికాగోలతో సమానముగా ఆడుతున్నది. రైల్వే జట్టుకు పాసులున్నవి గాని వెనుక ఊరు లేదు. ఆడినదంతా పరాయి వూళ్ళలో గదా, కొలంబస్ జనము తమ జట్టును కళ్ళారా చూచినది తక్కువ. పాసుల లెక్క పదిహేనేళ్ళు జట్టును నిలబెట్టినది, అదే లెక్క ఊరికి జట్టును దూరము చేసినది.

కథ అయినది. ఇక మన అర్జీ.

మైదానము లేదన్న ఆక్షేపణకు: మొదటి యేడు మనకు మైదానము అక్కరలేదు. జయపురము, సునాబేడ, దామన్‌జోడి, పార్వతీపురము, బొబ్బిలి, అన్ని చోట్లా ఆడే స్థలములు, ఆడేవాళ్ళు వున్నారు. పిలిస్తే పోదాము. ఒకప్పుడు రాయగడ నుంచి కోరాపుట్‌కు రైలులో పోవాలంటే విజయనగరము దిగి, కొత్తవలస పోయి, అరకు మీదుగా ఎక్కి రావాలి. 1998లో కోరాపుట్–రాయగడ లైను పూర్తి అయినప్పటినుంచి కొండలు, సొరంగములు దాటుకొంటూ నేరుగా పోతున్నాము. దామన్‌జోడి ఆ దారిలోనే వున్నది. రైల్వేవారి పిల్లలు కానివాళ్ళు ఈ పదహారుమందిలో సగమున్నారు, పేపరు మిల్లు ఇళ్ళవాళ్ళు, దుకాణముల ఇళ్ళవాళ్ళు. వాళ్ళకు పాసులు లేవు కనుక టిక్కెట్ల ఖర్చు వేరే వేసినాము. బంతుల ఖర్చుకన్న అదే ఎక్కువ అయినది. అయితే రెండవ యేడు నుంచి రెండు ఆటలైనా ఇక్కడే, మన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వచ్చి చూచేటట్లు పెట్టవలె. ఎందుకో కొలంబస్ సంగతి విన్నారు గదా.

బదిలీల సంగతి నిజమే, దానికి మందు లేదు. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజను భవనానికి ప్రధానమంత్రిగారు శంకుస్థాపన చేసినారు. డివిజను వస్తే వచ్చేవాళ్ళు కూడా వుంటారు, పోయేవాళ్ళే కాదు. నలభై అయిదేళ్ళ జాన్ నెస్సర్ వలె మన పెద్దవాళ్ళు దిగవలసిన పని లేకుండా, వెనుకనుంచి చిన్నపిల్లలను కూడా కూడగట్టుకొంటే చాలును.

మూడవ మాట. 1936 ఏప్రిల్ 1వరకు ఈ కోరాపుట్ సీమ అంతా విశాఖపట్టణము జిల్లాలోనిది. మన తాతలలో కొందరు కదలకుండానే వలసవాళ్ళు అయినారు, సరిహద్దు కదిలినది. మిగతావాళ్ళము రైలు ఎక్కి వచ్చినాము. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతున్నారు. వారికి ఎవరు ఏ ఇంటివాడో లెక్క లేదు, ఎవడు బంతి బాగా ఇస్తాడో అదే లెక్క. ఐర్లండు వంశమువాడు జర్మనీ వాళ్ళ ఆరుగురినీ వెంటబెట్టుకొని తిరిగిన జట్టు కథ ఇప్పుడే చెప్పినాము. ఆ ఆరు పేర్లు కొట్టివేస్తే పదిమంది మిగులుతారు. ఫుట్‌బాల్‌కు పదకొండుగురు కావలె.

ఖర్చుల కాగితము వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాము. ఛార్జీలు, బంతులు, జెర్సీలు, నిమ్మకాయలు, కట్టుగుడ్డలు అన్నీ వేరువేరుగా వేసి వున్నవి. పై నెల సమావేశంలో వాయిదా పడిన ఆ అర్జీ మరల వస్తుంది, పదహారు పేర్లతోనే వస్తుంది. సెలవు.